కాన్సెప్ట్ మ్యాప్ కిట్లు కొనే స్కూళ్లు, టీచర్లు జాగ్రత్త!

హైదరాబాద్‌లో సైన్సు చెప్పే సార్లు, మేడమ్‌లు, స్కూళ్లకు సామాన్లు కొనేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. బడులు తెరిచే సమయానికి స్టాఫ్ రూముల చుట్టూ తిరిగి 'కాన్సెప్ట్ మ్యాప్ కిట్' అని ఒకటి అమ్ముతున్నారు. లామినేషన్ చేసిన రంగుల చార్టులు, ఖాళీలు నింపే వర్క్‌బుక్కులు, ఏడాది చందా కట్టాల్సిన ఒక యాప్. మా మేనేజ్‌మెంట్ సెట్టుకు 14,000 రూపాయలు పోసి కొన్నది. అది క్లాసులో పిల్లల ఆలోచనకు అడ్డం పడుతోంది కాబట్టే ఈ పోస్టు రాస్తున్నాను.

కాన్సెప్ట్ మ్యాపు అంటే అంశాలను డబ్బాల్లో రాసి, వాటి మధ్య సంబంధాన్ని గీతలతో చూపే బొమ్మ. అందులో అసలు పని గీతల మీద రాసే మాటలది. 'ఆకు' ఒక డబ్బా, 'పత్రహరితం' ఇంకో డబ్బా. రెంటినీ కలిపే గీత మీద 'లో ఉంటుంది' అనో 'గ్రహిస్తుంది' అనో పిల్లలే రాయాలి. అప్పుడే ఒక వాక్యం తయారవుతుంది, ఆ వాక్యం తప్పో ఒప్పో మనకు కనిపిస్తుంది. ఈ కిట్టులో చాలా చార్టులకు గీతలున్నాయి, మాటల్లేవు. నడిమధ్య అంశం పెట్టి చుట్టూ కొమ్మలు వేశారు. అది మైండ్ మ్యాప్. దానికీ ఉపయోగం ఉంది, కానీ అట్ట మీద రాసిన సరుకు అది కాదు.

మాటలున్న చార్టుల్లో తప్పులున్నాయి. ఆహార గొలుసులో బాణాలు పాము నుంచి కప్పకు, కప్ప నుంచి మిడతకు వేశారు. బాణం శక్తి వెళ్లే దారి చూపాలి, అంటే తినే జీవి వైపు ఉండాలి, ఆహారమైన జీవి వైపు కాదు. రక్తప్రసరణ చార్టులో ధమనులన్నీ ఆక్సిజన్ ఎక్కువున్న రక్తాన్నే మోస్తాయని ఉంది. గుండె నుంచి ఊపిరితిత్తులకు ఆక్సిజన్ తక్కువున్న రక్తాన్ని మోసే పుపుస ధమని సంగతి ఏమిటి? పదో తరగతి పిల్లలు అలాగే రాస్తే మార్కులు ఎవరిస్తారు?

తప్పులు దిద్దుకోవచ్చు. నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరు. కిరణజన్య సంయోగక్రియ వర్క్‌బుక్కులో మా ఏడో తరగతి పిల్లలు ఖాళీలన్నీ సరిగ్గా నింపారు. చార్టు గోడ మీదే ఉంది, ఏ డబ్బాలో ఏ మాటో చూసి పెట్టేశారు. తర్వాత చార్టు తీసేసి, తెల్లకాగితాలిచ్చి, 'మొక్కకు ఆహారం ఎక్కణ్నుంచి వస్తుంది?' అని బోర్డు మీద రాసి మ్యాపు గీయమన్నాను. సగం మంది 'నేల' నుంచి 'మొక్క'కు గీత గీసి 'ఆహారం ఇస్తుంది' అని రాశారు! ఎరువు వేస్తే చెట్టు ఏపుగా పెరగడం చూసిన పిల్లలు వాళ్లు, అలా అనుకోవడంలో వింత లేదు. కానీ ఆ ఊహ వర్క్‌బుక్కులో ఎక్కడా బయటపడలేదు. ఆ కాగితాలు ముందు పెట్టుకుని మరుసటి రోజు గాలి, నీరు, పిండిపదార్థం గురించి మాట్లాడుకున్నాం. పిల్లలే ఒకరి గీతను ఒకరు కొట్టేసి మళ్లీ గీశారు.

అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో జోసెఫ్ నోవాక్ బృందం 1972లో ఈ పద్ధతిని తయారుచేసిందే పిల్లల సైన్సు అవగాహన ఎలా మారుతోందో పట్టుకోవడానికి. ఎవరో గీసి ఇచ్చిన మ్యాపులో పిల్లవాడి మనసు ఎలా కనిపిస్తుంది?

'ఇది వాడితే మార్కులు పెరుగుతాయని పరిశోధనల్లో తేలింది' అనే మాటకూ పడిపోకండి. మ్యాపు గీసినంత మాత్రాన చదువు వచ్చేయదు. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన కార్పికీ, బ్లంట్‌ల ప్రయోగంలో, పాఠం ఎదురుగా పెట్టుకుని మ్యాపు గీసినవాళ్లకంటే, పాఠం పక్కనపెట్టి గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లు వారం తర్వాత పరీక్షలో మెరుగ్గా రాశారు. అందుకే నేనిప్పుడు పుస్తకం మూయించి గీయిస్తున్నాను.

యాప్ చందా అసలే కట్టొద్దు. ఫ్లోరిడాలోని ఐహెచ్ఎంసీ అనే పరిశోధన సంస్థ చేసిన సీమ్యాప్ టూల్స్ అనే మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. కంప్యూటర్ లేని క్లాసుకు కోఠిలో కొన్న చార్టు పేపర్లు, పెన్సిళ్లు, రబ్బర్లు చాలు.

అయినా కొనాలనుకుంటే, డెమోలో చూపించే రెండు మూడు మంచి చార్టులతో సరిపెట్టుకోకుండా సెట్టంతా విప్పించండి. మాకు చూపించినవి వేరు, కట్టలో వచ్చినవి వేరు. మన తెలంగాణ పాఠ్యపుస్తకం పక్కన పెట్టి పోల్చండి. జీఎస్టీ బిల్లు, వాపసు షరతులు రాతపూర్వకంగా తీసుకోండి.

మేం వాపసు అడిగితే 'అమ్మిన సరుకు తీసుకోం' అన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. మేం ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాం. మీ స్కూల్లో ఇలాంటి సెట్టే ఉంటే చార్టుల ఫోటోలు, బిల్లు, డెమోకు ముందు వాళ్లు పంపిన మెసేజ్‌లు తీసేయకుండా దాచండి. ఏ తరగతి చార్టులో ఏ తప్పు దొరికిందో రాస్తే మా ఫిర్యాదుకు జతచేస్తాం.