మిక్మా చేపల వేట: కంపెనీలో వాటానా, సొంత పడవా?

కెనడాలోని నోవా స్కోషియాలో మిక్మా ఆదివాసులు సముద్రం మీద సంపాదనకు పట్టిన ఈ రెండు దారులూ 2020లోనే వార్తలకెక్కాయి.

మెంబర్టూ వాళ్లు మరో ఆరు మిక్మా సమాజాలతో కలిసి క్లియర్‌వాటర్ అనే పెద్ద సీఫుడ్ కంపెనీలో సగం వాటాకు బేరం కుదుర్చుకున్నారు. మిగతా సగం ప్రీమియం బ్రాండ్స్ అనే ఆహార కంపెనీది. మొత్తం విలువ దాదాపు 100 కోట్ల కెనడా డాలర్లు. ఆదివాసీ సమాజాలకు అప్పులిచ్చే సంస్థ 25 కోట్లు ఇచ్చింది. కంపెనీకున్న చేపల వేట లైసెన్సులు చేతికొచ్చాయి, అప్పూ నెత్తినెక్కింది. అయితే ఊళ్లో కుర్రాడికి దీంతో వెంటనే సొంత పడవేమీ రాదు.

సిపెక్నెకటిక్ అనే మిక్మా సమాజం సొంత పడవల దారి కూడా పట్టింది. బ్రిటిష్ వాళ్లతో కుదిరిన 1760-61 ఒప్పందాల ప్రకారం చేపలు పట్టి అమ్ముకుని ఓ మోస్తరుగా బతికే హక్కు మిక్మాలకుందని 1999లో మార్షల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మోస్తరు ఎంతో ప్రభుత్వం తేల్చలేదు. తీర్పొచ్చిన 21 ఏళ్లకు, అదే సెప్టెంబరు 17న, సిపెక్నెకటిక్ వాళ్లు తమ జాలర్లకు లైసెన్సులు తామే ఇచ్చుకున్నారు. లైసెన్సుకు 50 లాబ్‌స్టర్ బోనులు. అక్కడి కమర్షియల్ పడవలు వేసేవి మూడు వందల పైచిలుకు! అయినా ఆదివాసులు కాని కమర్షియల్ జాలర్లతో గొడవే. బోనుల తాళ్లు తెగ్గోశారు, అక్టోబరులో లాబ్‌స్టర్లు నిల్వచేసే షెడ్డు తగలబడింది.

నన్నడిగితే రాబడికి మెంబర్టూ పద్ధతే గట్టిది. కానీ ఒప్పందపు హక్కు ఎంతవరకో తేలాలంటే సిపెక్నెకటిక్ పడవలు నీళ్లలో ఉండాల్సిందే.