బరంపురంలో క్లాట్ (లా కాలేజీల ఎంట్రన్స్) కోచింగ్, అడ్వాన్స్‌డ్ బ్యాచ్ ఎలా ఉందంటే

మాది పర్లాకిమిడి. మొదట ఒక ఆన్‌లైన్ కోర్సు తీసుకున్నా, వీడియోలు బోలెడు, కానీ నా మాక్ టెస్టులు చూసి ఎక్కడ తప్పుతున్నానో చెప్పేవాళ్లే లేరు. తర్వాత బరంపురంలో ఒక లాయర్ గారు నడిపే చిన్న బ్యాచ్‌లో చేరా, పన్నెండు మందిమే.

ఆదివారం మాక్ సరిగ్గా 2 నుంచి 4 వరకు పెడతారు, అసలు పరీక్ష టైమూ అదే కాబట్టి భోంచేసి నిద్రొచ్చే వేళకి బుర్ర అలవాటు పడాలంటారు. 120 ప్రశ్నలు, 120 నిమిషాలు, తప్పుకి పావు మార్కు కోత. ఒకసారి 110 పెట్టి 70 కరెక్ట్ చేశా, 60 మార్కులే వచ్చాయి. తర్వాత వారం 95 మాత్రమే పెట్టా, 72 కరెక్ట్, 66.25 వచ్చాయి! ఏది వదిలేయాలో తెలియడం ఇంత ముఖ్యమని అప్పుడే అర్థమైంది.

సోమవారం సారు ఒక్కొక్కరి పేపరు పక్కన కూర్చుని చూస్తారు. లీగల్ రీజనింగ్ సెక్షన్‌లో నేను న్యూస్‌పేపర్లో చదివిన చట్టం గుర్తొచ్చి ఆన్సర్ పెట్టేశా, ఆయన ప్యాసేజీలో "ఉద్దేశపూర్వకంగా" అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాట కింద ఎర్రగీత గీసి "అమ్మా, నీకు తెలిసింది పక్కన పెట్టు, ఇక్కడిచ్చిన రూలే చూడు" అన్నారు. అర్థం కాకపోతే తెలుగులోనూ ఒడియాలోనూ చెప్తారు.

కరెంట్ అఫైర్స్ షీట్లు మాత్రం లేటుగా ఇస్తున్నారు, అది మార్చుకోవాలి సార్. బేసిక్స్ రానివాళ్లకి ఈ బ్యాచ్ వద్దు, కొంచెం చదివి మార్కులు ఆగిపోయినవాళ్లు తప్పకుండా చేరండి.