ఆరేళ్లుగా తూకం అంకెలు మోస్తున్న 24సి02

మా దాణా షెడ్డులో నాలుగు తూకం ప్లాట్‌ఫారాలు ఉన్నాయి. వాటి కాలిబ్రేషన్ అంకెలను ఆరేళ్లుగా 24సి02 అనే ఎనిమిది కాళ్ల మెమరీ చిప్పులో, అంటే కరెంటు పోయినా రాసినది చెరగని ఈఈప్రామ్‌లో దాస్తున్నాను. నిల్వ 256 బైట్లే, కానీ నాకు ముఖ్యంగా కావలసినవి రెండే అంకెలు: ఖాళీ ప్లాట్‌ఫారం చూపే సున్నా విలువ, కిలోకు ఎన్ని కౌంట్లు (సెన్సర్ నుంచి వచ్చే ముడి అంకె) పెరుగుతాయనే గుణకం.

మొదట్లో ఈ రెండూ తూకం లెక్కగట్టే కంట్రోలర్ లోపలి ఈఈప్రామ్‌లోనే ఉండేవి. ఒక వానాకాలంలో పిడుగుపాటుకు బోర్డు పోయింది, అంకెలూ దానితోనే పోయాయి. 20 కిలోల తూకపు రాళ్లు మోసుకుంటూ మళ్లీ మొదటినుంచి సరిచేయవలసి వచ్చింది. ఆ అంకెలు లోడ్ సెల్ (ప్లాట్‌ఫారం కింద బరువును కొలిచే సెన్సర్) సొత్తు, దాని దగ్గరే ఉండాలి. అందుకే 24సి02ను, హెచ్‌ఎక్స్711ను (లోడ్ సెల్ సంకేతాన్ని అంకెగా మార్చే చిప్) ఒకే చిన్న బోర్డుపై అతికించి జంక్షన్ బాక్సులో పెట్టాను. హెచ్‌ఎక్స్711 కూడా అక్కడే ఉండాలి, ఎందుకంటే ఒక్కో చిప్ సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందనే గెయిన్‌లో ఉండే చిన్న తేడా గుణకంలో కలిసిపోతుంది. ఆ తర్వాత రెండుసార్లు కంట్రోలర్ మార్చాను. తీగ తగిలించి కరెంటు ఇవ్వగానే తూకం సరిగ్గా వచ్చింది.

తొలి వారం మాత్రం చాలా ఇబ్బంది పడ్డాను. 8 బైట్ల రికార్డును (సున్నా విలువకు 4, గుణకానికి 4) 4వ చిరునామా నుంచి రాశాను. ఈ చిప్‌లో పేజీ 8 బైట్లు. ఒకే విడతలో రాస్తూ పేజీ చివరకు చేరితే, మిగిలిన బైట్లు అదే పేజీ మొదట్లోకి వచ్చి పడతాయి. చదివేటప్పుడు ఈ హద్దు ఉండదు. అందువల్ల సున్నా విలువ సరిగ్గా వచ్చింది, గుణకం స్థానంలో మాత్రం తర్వాతి పేజీలోని ఖాళీ బైట్లు వచ్చాయి. ఖాళీ బైటులో బిట్లన్నీ 1గా ఉంటాయి, అలాంటి నాలుగు కలిస్తే -1 అవుతుంది. తెరపై మైనస్‌తో లక్షల కిలోలు! రెండు రాత్రులు లోడ్ సెల్‌నే అనుమానించాను. రికార్డును పేజీ మొదటికి జరిపాక తీరింది.

కేబుల్ మూడు మీటర్లు. చిప్పు, కంట్రోలర్ మాట్లాడుకునే రెండు తీగల పద్ధతి ఐ2సి అంత దూరానికి ఉద్దేశించినది కాదు. ఆ తీగలను సరఫరా వోల్టేజీకి లాగి ఉంచే 10 కిలో ఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్లతో అప్పుడప్పుడు తప్పు చదివేది. 2.2 కిలో ఓమ్‌లకు మార్చాక ఆ తప్పులు ఆగాయి.

రాసే ప్రతిసారీ 5 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. ఆ మధ్యలో కరెంటు పోయినా నష్టం లేకుండా చెక్‌సమ్‌తో (రాసినది చెడిందో లేదో చెప్పే తనిఖీ అంకె) రెండు ప్రతులు ఉంచుతాను, ఒకటి పూర్తయ్యాకే రెండోది రాస్తాను. పది లక్షల రాతలు తట్టుకునే చిప్పును ఏడాదికి నాలుగుసార్లు రాస్తే అరిగిపోతుందన్న భయం అక్కరలేదు. రాత నిరోధించే కాలును మాత్రం కాలిబ్రేషన్ సమయంలో తప్ప ఎప్పుడూ సరఫరా వోల్టేజీకే కలిపి ఉంచండి.

ఒక లోపం ఈ ఏడాదే బయటపడింది. లోడ్ సెల్ మార్చి, చిప్పును అలాగే వదిలేశాను. చెక్‌సమ్ సరిగ్గానే ఉంది కాబట్టి యంత్రం పాత అంకెలతో ధీమాగా తప్పు తూకం చూపింది. ఇప్పుడు లోడ్ సెల్ సీరియల్ నంబరు చివరి నాలుగు అంకెలను కూడా రికార్డులో రాస్తున్నాను. కరెంటు రాగానే అవి తెరపై కనిపిస్తాయి, వాటిని సెల్ మీది నంబరుతో పోల్చి చూశాకే తూకం మొదలుపెడతాం.