‘మీ ముందే కాలిబ్రేషన్ చేసిస్తాం’ అనే సబ్ మీటర్లతో జాగ్రత్త: అనంతపురం, తాడిపత్రి వాళ్లకు

అనంతపురంలో అద్దె పోర్షన్లు ఉన్నవాళ్లకూ, తాడిపత్రి బండల ఫ్యాక్టరీల వాళ్లకూ ఈ మధ్య ఒక సబ్ మీటర్ (మెయిన్ మీటరు తర్వాత విడిగా పెట్టుకునే మీటరు) సెట్టు అంటగడుతున్నారు. అందులో డిన్ రైల్ (బోర్డులోని లోహపు పట్టీ) మీద బిగించే మీటరు, తెరిచి వైరు చుట్టూ మూస్తే అందులోని కరెంటును కొలిచే సీటీ కాయిళ్లు, ఒక యూఎస్‌బీ కన్వర్టరు, పెన్ డ్రైవ్‌లో సాఫ్ట్‌వేరు ఉంటాయి. రీడింగు కంప్యూటర్లో చూసుకోవచ్చన్నది నిజమే. ‘మీ ముందే కాలిబ్రేషన్ చేసిస్తాం’ అన్నదే మోసం. కాలిబ్రేషన్ అంటే మీటరు కొలతను సరిచూసి దిద్దడం.

వాళ్లు చేసేది ఇదీ. ఇస్త్రీపెట్టో హీటరో ఆన్ చేసి, వైరుకు టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరం) తగిలిస్తారు. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఉన్న గుణకాన్ని (రీడింగును హెచ్చవేసే అంకెను) 0.94, 0.95, 0.96 అంటూ మారుస్తూ పోతారు. తెర మీది అంకె టెస్టర్ లెక్కకు కలవగానే సేవ్ కొట్టి, మీటరుకు ‘కాలిబ్రేటెడ్’ స్టిక్కర్ అంటిస్తారు. మారింది కంప్యూటర్లోని ఒక ఫైలు మాత్రమే. మీటరు లోపల ఏమీ మారలేదు. అందుకే వాళ్లు వెళ్లాక చూస్తే మీటరు డిస్‌ప్లేలో ఒక అంకె, తెర మీద ఇంకో అంకె. సాఫ్ట్‌వేర్‌ను వేరే కంప్యూటర్లో వేస్తే ఆ గుణకం మళ్లీ 1. పైగా మామూలు టాంగ్ టెస్టర్‌కు కరెంటు కొలతలోనే 2 శాతం, అంతకు మించి తేడా ఉంటుంది. దాన్ని పెట్టి 1 శాతం లోపే తప్పుండాల్సిన మీటరును సరిదిద్దడం జరిగే పని కాదు.

ఇంతకన్నా పెద్ద లోపం మోటరు తిరిగినప్పుడు బయటపడుతుంది. చవక సీటీ కాయిలు కరెంటు పరిమాణాన్ని సరిగ్గానే ఇచ్చినా, వోల్టేజితో పోలిస్తే కరెంటు అల ఉండే కోణాన్ని ఒకటి రెండు డిగ్రీలు ముందుకు జరుపుతుంది. హీటరు పవర్ ఫ్యాక్టర్ (వోల్టేజి, కరెంటు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె) 1 కాబట్టి అక్కడ 2 డిగ్రీల తేడా వల్ల వచ్చే తప్పు 0.1 శాతం కూడా ఉండదు. అదే 2 డిగ్రీలు పవర్ ఫ్యాక్టర్ 0.8 దగ్గర సుమారు 2.6 శాతం, 0.5 దగ్గర 6 శాతం, లోడు లేకుండా తిరిగే మోటరులా 0.3 దగ్గర 11 శాతం తప్పవుతుంది. కోణం ముందుకు జరిగితే మోటరు లోడు మీద మీటరు ఎక్కువే చూపిస్తుంది, ఆ భారం అద్దెకున్నవాళ్ల మీద పడుతుంది. పాలిష్ మిషన్లు, బోరు మోటర్లు ఉన్నచోట ఇస్త్రీపెట్టెతో పరీక్షించిన మీటరును నమ్మలేం. సరైన కాలిబ్రేషన్ అంటే రిఫరెన్స్ మీటరుతో పవర్ ఫ్యాక్టర్ 1 దగ్గరా, 0.5 ల్యాగ్ (మోటరులో లాగా కరెంటు వోల్టేజి కన్నా వెనకబడే స్థితి) దగ్గరా, తక్కువ కరెంటులోనూ పూర్తి కరెంటులోనూ పోల్చి, ఒక్కోచోట ఎంత తప్పుందో రాసివ్వడం. సరిదిద్దితే ఆ విలువలు మీటరు చిప్‌లోకే ఎక్కాలి.

మీ మీటరును మీరే పరీక్షించుకోవచ్చు. మెయిన్ మీటరు సీలు ముట్టుకోవాల్సిన పని లేదు. మీటరు ముఖం మీద ఒక యూనిట్‌కు ఎన్ని పల్సులో (ఎర్ర లైటు ఎన్నిసార్లు మినుకుతుందో) రాసి ఉంటుంది: 3200, 1600, 1000 ఇలా. ఇంట్లో మిగతావన్నీ ఆపేసి, సబ్ మీటరు ద్వారా ఒక్క హీటరే నడపండి. రెండు మీటర్ల ఎర్ర లైట్లూ ఒకే ఫ్రేములో పడేలా ఫోన్‌లో వీడియో తీయండి. మెయిన్ 3200, సబ్ మీటరు 1600 అయితే మెయిన్ లైటు 640 సార్లు మినుకేలోపు సబ్ మీటరు 320 సార్లు మినుకాలి. 1000 వాట్ల హీటరుతో ఇది 12 నిమిషాల పని. మొదటి మినుకును ఒకటి అని కాక సున్నా అని లెక్కపెట్టండి, లేకపోతే ఒక పల్సు తప్పుతుంది. వీడియోను నెమ్మదిగా నడిపి లెక్కపెడితే సరిపోతుంది. తర్వాత ఇదే పరీక్ష నీళ్ల మోటరుతోనో గ్రైండరుతోనో చేయండి. హీటరుతో తేడా ఒకటి రెండు పల్సులుండి మోటరుతో పదీ పదిహేనుకు పెరిగితే లోపం సీటీ కోణంలోనే. గుణకం ఎంత మార్చినా అది పోదు.

త్రీ ఫేజ్‌లో ముందు వైరింగు చూడాలి. మూడు సీటీల్లో ఒకటి తిరగబడితే, లోడు సమానంగా ఉన్నప్పుడు మొత్తం రీడింగు మూడో వంతుకు పడిపోతుంది. ఆర్ ఫేజ్ సీటీని వై ఫేజ్ వోల్టేజికి జత చేసినా లెక్క మొత్తం చెడుతుంది. కాబట్టి తెర మీద మొత్తం వాట్లు ఒక్కటే చూపిస్తే ఒప్పుకోకండి. ఒక్కో ఫేజ్ వాట్లూ, పవర్ ఫ్యాక్టరూ విడిగా చూపించమనండి. ఒకచోట మైనస్ ఉన్నా, ఒక ఫేజ్ పవర్ ఫ్యాక్టర్ మిగతా రెండింటికీ పొంతన లేకుండా ఉన్నా ముందు వైరింగునే అనుమానించండి. సీటీ రెండు ముక్కల మధ్య దుమ్ము చేరినా రీడింగు తగ్గుతుంది. బండల పొడి ఎగిరేచోట ఇది మామూలే. 200/5 లాంటి సీటీ (200 ఆంపియర్లను 5కు తగ్గించి మీటరుకిచ్చేది) అయితే లోడు నడుస్తుండగా దాని వైర్లు విప్పకండి. అక్కడ ప్రాణం తీసే వోల్టేజి పుడుతుంది. ఆ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌దే.

కంప్యూటర్ వైపు చెప్పేది కొంచెమే. రిజిస్టర్ల పట్టిక (ఏ కొలత మీటరు మెమరీలో ఎక్కడుందో చెప్పే జాబితా) ఇవ్వని మీటరు కొనకండి. పట్టిక ఉంటే క్యూమాడ్‌మాస్టర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీరే చదవొచ్చు, అమ్మినవాడి సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. బాడ్ రేటు (డేటా వేగం), ప్యారిటీ (తప్పులు పట్టే సెట్టింగు), మీటరు నంబరు (మీటరులో సెట్ చేసిన ఐడీ) సాఫ్ట్‌వేర్‌లో కలవకపోతే జవాబే రాదు. ఆర్‌ఎస్485 (మీటరును కన్వర్టరుకు కలిపే లైను)లో ఏ, బీ వైర్లు తారుమారైనా అంతే, మార్చి చూడండి. అంకెలు పిచ్చిగా వస్తే రెండు రిజిస్టర్ల వరుస తిరగబడి ఉండొచ్చు. అప్పుడు 1 రావాల్సిన చోట 65,536 కనిపిస్తుంది. యూఎస్‌బీ కన్వర్టర్‌లో నకిలీ పీఎల్2303 చిప్ ఉంటే కొత్త విండోస్ దాన్ని పనిచేయనివ్వదు. ఇంకో మాట: తెర మీది అంకె, డిస్‌ప్లే అంకె ఒకటే అయినంత మాత్రాన మీటరు సరైనదని కాదు. రెండూ ఒకే చిప్ నుంచి వస్తాయి.

సర్టిఫికెట్ చూపిస్తే అందులో మీ మీటరు సీరియల్ నంబరే ఉందా, ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తుతో పాటు సీసీతో మొదలయ్యే యూఎల్ఆర్ నంబరు (ఆ సర్టిఫికెట్‌కే ప్రత్యేకమైన నంబరు) ఉందా, 0.5 ల్యాగ్ దగ్గర ఫలితం, కొలత అనిశ్చితి (కొలత ఎంత అటూఇటూ ఉండొచ్చో) రాశారా చూడండి. ఆ ల్యాబ్ పేరు ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో వెతకండి. ఒకే కాగితాన్ని జిరాక్స్ తీసి అన్ని మీటర్లకూ ఇస్తే అది చెత్త కాగితం.

‘మెయిన్ మీటరు కూడా సరిచేస్తాం’ అనే మాట వింటే అక్కడితో ఆపేయండి. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సీలు తెంచి మీటరును మారిస్తే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 135 కింద కేసు పడేది మీ మీదే. మెయిన్ మీద అనుమానం ఉంటే ఎస్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో ఫీజు కట్టి టెస్టింగ్‌కు అర్జీ పెట్టండి.

ఇప్పటికే కొన్నవాళ్లు గుణకం కనిపించేలా సెట్టింగుల స్క్రీన్‌షాట్, మీటరు డిస్‌ప్లే ఫోటో, పల్సుల వీడియో, బిల్లు దాచిపెట్టి, ముందు అమ్మినవాడికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, లేదా కొన్న రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు. ఫ్యాక్టరీ పేరు మీద కొన్నవాళ్లకు మాత్రం ‘వ్యాపార అవసరం’ అనే అభ్యంతరం వస్తుంది. స్వయం ఉపాధికే కొన్నామని చూపించలేకపోతే ఆ దారి మూసుకుపోతుంది కాబట్టి, వాళ్లు డబ్బు కట్టేముందే ‘0.5 ల్యాగ్ దగ్గర 1 శాతం దాటితే వాపసు’ అని బిల్లు మీద రాయించుకోవాలి.