జీవాయుధాల ఒప్పందం, రసాయన ఆయుధాల ఒప్పందం: తనిఖీ ఎక్కడ?

కాగితం మీద రెండూ ఒకే మాట చెబుతాయి: తయారు చేయకూడదు, దాచకూడదు. తేడా అంతా తనిఖీలోనే.

1997లో అమల్లోకి వచ్చిన రసాయన ఆయుధాల ఒప్పందానికి హేగ్ నగరంలో సొంత సంస్థ ఉంది. దాని తనిఖీదారులు కర్మాగారాలకు వెళ్లి లెక్కలు సరిచూస్తారు. దేశాలు ప్రకటించిన 72 వేల టన్నులకు పైగా నిల్వలు ఆ పర్యవేక్షణలోనే ధ్వంసమయ్యాయి. చివరివి అమెరికాలో, 2023 జులైలో. మన దేశం 2009లోనే ఆ పని ముగించింది.

జీవాయుధాల ఒప్పందం 1975 నుంచీ అమల్లో ఉంది. కానీ దానికి తనిఖీదారులే లేరు. జెనీవాలో కొద్దిమంది సిబ్బందితో చిన్న కార్యాలయం మాత్రం ఉంది. ఈ లోటు ఎంత ప్రమాదకరమో సోవియట్ నగరం స్వెర్డ్‌లోవ్‌స్క్ చూపించింది. 1979లో అక్కడి సోవియట్ సైనిక కేంద్రం నుంచి ప్రాణాంతకమైన ఆంత్రాక్స్ వ్యాధి బ్యాక్టీరియా గాలిలో కలిసి 60 మందికి పైగా చనిపోయారు. కలుషిత మాంసమే కారణమని ప్రభుత్వం బొంకింది. బాధిత కుటుంబాలకు ఇంతకంటే అన్యాయం ఏముంటుంది? సైన్యమే కారణమని రష్యా అధ్యక్షుడు యెల్ట్‌సిన్ ఒప్పుకున్నది 1992లో.

సూక్ష్మజీవుల తనిఖీ కష్టమే. టీకాల తయారీకి వాడే పరికరాలే ఆయుధానికీ పనికొస్తాయి. అయినా, కష్టమని అసలే వదిలేయడం నాకు సమ్మతం కాదు. ఏళ్ల తరబడి చర్చించి రాసిన తనిఖీ ముసాయిదాను 2001లో అమెరికా తిరస్కరించింది. అది అక్కడే ఆగిపోయింది.