క్వీన్స్ పబ్లిక్ లైబ్రరీలో పెద్దలకు ఉచిత తరగతులు: చదువుకున్న అనుభవంతో ఒక సమీక్ష

న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో, ఫ్లషింగ్‌ మెయిన్ స్ట్రీట్ మూలన ఉన్న గ్రంథాలయంలో పెద్దలకు ఉచితంగా ఇంగ్లీషు నేర్పుతారని నాకు చెప్పినావిడ బౌన్ స్ట్రీట్ గణేశాలయం క్యాంటీన్‌లో పరిచయమయ్యారు. తెలుగు మాధ్యమంలో బి.కాం. చదివిన నేను పత్రిక చదివి అర్థం చేసుకోగలిగేదాన్నే కాని, మందుల షాపులో నాలుగు మాటలు అడగవలసి వస్తే నోరు పెగిలేది కాదు. అంతకుముందు ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో డబ్బు కట్టి చేరితే, వ్యాకరణం కాగితాలు నింపించడం తప్ప మాట్లాడించిన పాపాన పోలేదు. కట్టిన చోటే అలా ఉంటే ఊరికే చెప్పేచోట ఏముంటుందిలే అనుకుంటూనే వెళ్లాను.

ముందుగా చిన్న పరీక్ష పెట్టి, మన స్థాయిని బట్టి తరగతి నిర్ణయిస్తారు. వీసా వివరాలు అడగరు. నా తరగతిలో చైనా, కొరియా, కొలంబియా, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవారు ఉండడం వల్ల ఒకరి భాష మరొకరికి తెలియక, తప్పో ఒప్పో ఇంగ్లీషులోనే మాట్లాడవలసి వచ్చేది. అందరం తెలుగువాళ్లమే అయి ఉంటే రెండో రోజుకే తెలుగులోకి జారిపోయేవాళ్లమని నా నమ్మకం. డాక్టరు అపాయింట్‌మెంటుకు ఫోను చేయడం, అద్దె ఒప్పందం చదవడం, పిల్లల బడి నుంచి వచ్చిన ఉత్తరానికి జవాబు రాయడం వంటివే పాఠాలు. క్వీన్స్ జనాభాలో ఇప్పుడు దాదాపు సగం మంది విదేశాలలో పుట్టినవారే. ఈ గ్రంథాలయం వలస వచ్చినవారి కోసం 1977లోనే ప్రత్యేక విభాగం ప్రారంభించింది.

బడి చదువు మధ్యలో ఆగినవారికి, హైస్కూలు చదువుకు సమానంగా గుర్తించే జీఈడీ పరీక్షకు తర్ఫీదు ఇస్తారు. భాష, గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం అనే నాలుగింటిలోనూ కనీసం 145 చొప్పున స్కోరు రావాలి. న్యూయార్క్ రాష్ట్రం 2014లో టాస్క్ అనే వేరే పరీక్షకు మారి, 2022లో మళ్లీ జీఈడీకి వచ్చింది కనుక, ఎవరైనా పాత పుస్తకాలు ఇస్తే అట్ట మీద ఏ పరీక్ష పేరుందో చూసి తీసుకోవాలి.

ఉద్యోగ శిక్షణ అన్న మాట విని వృత్తివిద్య నేర్పుతారని ఆశపడకూడదు. అక్కడ ప్రధానంగా దొరికేది ఉద్యోగం వెతుక్కోవడంలో సాయం: రెజ్యూమే దిద్దడం, ఇంటర్వ్యూ సాధన, కంప్యూటరు ప్రాథమిక పాఠాలు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, వివాహ వివరాలతో మన పద్ధతిలో రాసుకెళ్లిన నా బయోడేటాలో సగం కొట్టివేయించిన ఆ ఒక్క గంట నాకు ఎంతో ఉపయోగపడింది. అయితే హెచ్-1బి వీసాపై పనిచేసేవారి కుటుంబానికి ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నవారు ఒక సంగతి మరువరాదు. ఆ వీసాతో చదువుకోవచ్చు కాని, పని చేయడానికి వేరే అనుమతి కావాలి. 2015 నుంచి ఇస్తున్న ఆ అనుమతి కూడా సాధారణంగా భర్త లేదా భార్య గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత ముందుకు సాగినవారికే లభిస్తుంది. కనుక నాబోటివారు ముందు ఇంగ్లీషు తరగతిలో చేరి, రెజ్యూమే పని అనుమతి దగ్గరపడ్డాక పెట్టుకోవడం మేలు.

ఇటువంటి తరగతులలో సీట్లకన్నా కావలసినవారే ఎక్కువ కాబట్టి, నమోదు ఎప్పుడు మొదలవుతుందో ముందే కనుక్కోవాలి. నగర బడ్జెట్టు మీద ఆధారపడిన సేవ కావడం దీని బలహీనత: 2023 నవంబరులో నిధుల కోత వల్ల అంతవరకు ఆదివారాలు తెరిచే నగర గ్రంథాలయాలు చాలావరకు ఆ రోజు మూతపడి, 2024 వేసవిలో గాని తిరిగి తెరుచుకోలేదు. వారమంతా పనిచేసేవారికి అటువంటి కోత ఎంత భారమో చెప్పనక్కరలేదు.

2021 అక్టోబరులో ఆలస్య రుసుము ఎత్తివేశారు గనుక, పిల్లల కథల పుస్తకాలు ధైర్యంగా తెచ్చుకుని రాత్రిపూట పైకి చదువుతున్నాను. తప్పు పలికినచోటల్లా మా అమ్మాయి ఆపి దిద్దుతోంది.