పాప్ అప్ హెడ్‌లైట్ల కారు కొంటున్నారా? లైట్లు ముందే పైకి లేచి ఉంటే జాగ్రత్త

పాప్ అప్ హెడ్‌లైట్లంటే వాడనప్పుడు కారు ముందుభాగంలో దాగి, స్విచ్ వేస్తే పైకి లేచే లైట్లు. అవి ఉన్న పాత స్పోర్ట్స్ కారు కొనాలనుకునేవాళ్ళు ఇది చదివాకే డబ్బు ఇవ్వండి. నేను చూడటానికి వెళ్ళేసరికి కారు హెడ్‌లైట్లు రెండూ పైకి లేచి చక్కగా వెలుగుతున్నాయి. ఆ ముచ్చటలో ఒకసారి మూసి చూపించమని అడగనే లేదు. మర్నాడు స్విచ్ ఆపితే వెలుగు ఆరిందిగానీ లైట్లు కిందికి దిగలేదు. బానెట్ ఎత్తి చూస్తే, లైట్లను లేపి దించే రెండు మోటార్ల కనెక్టర్లూ పీకేసి ఉన్నాయి. అంటే లైట్లను చేత్తో పైకి తిప్పి, మళ్ళీ కదలకుండా చేసి నాకు అమ్మారు. అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే "రిలే (మోటారుకు కరెంటు వదిలే చిన్న స్విచ్) పోయిందేమో, చిన్న పనేలెండి" అన్నారు. ఆ మాట నమ్మి ఇంకోసారి మోసపోయాను.

చేత్తో తిప్పే నాబ్ చాలా కార్లలో ఉంటుంది. మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5లో అయితే మోటారు మీదే, రబ్బరు మూత కింద ఉంటుంది. దారిలో మోటారు మొరాయిస్తే ఇల్లు చేరడానికి పెట్టిన ఏర్పాటది. లోపం దాచి కారు అమ్ముకోవడానికి కాదు.

కనెక్టర్లు తిరిగి పెడితే ఎడమవైపు మోటారు తిరుగుతున్న చప్పుడు వచ్చింది, లైటు మాత్రం కదల్లేదు. కుడివైపు అసలు చప్పుడే లేదు. మెకానిక్ రిలే మార్చాడు, ఫలితం లేదు. తర్వాత రెండు మోటార్లూ పోయాయని చెప్పి, ఎడమవైపు పాత కారులోంచి తీసిన మోటారు బిగించాడు. వారం తిరక్కుండానే అదీ అలాగే చప్పుడు చేయడం మొదలుపెట్టింది. చేయదా మరి! కార్వెట్ సీ5, లోటస్ ఎస్ప్రీల తయారీ 2004లో ఆగాక ఈ రకం లైట్లతో పెద్ద సంఖ్యలో కార్లు రాలేదు. పాత కారులోంచి తీసిన మోటారు మన మోటారంత పాతదే అయివుంటుంది.

చివరికి ఇంకొకరికి చూపిస్తే ఆయన ముందుగా చప్పుడే విన్నారు. మోటారు తిరుగుతూ లైటు కదలకపోతే లోపం కరెంటులో కాదు, గేరులోనో లింకులోనో ఉంటుందట. విప్పి చూస్తే గేరు లోపలి నైలాన్ బుష్‌లు పొడిపొడిగా రాలాయి. వాటిని మార్చడంతో నా పాత మోటారే మళ్ళీ పనిచేసింది. కుడివైపు కనెక్టర్ దగ్గర టెస్ట్ ల్యాంప్ పెడితే కరెంటు వస్తోంది, కానీ ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు పట్టింది. గీకి శుభ్రం చేసి బిగిస్తే లైటు లేచింది. మోటారు పోయిందన్న మాటే అబద్ధం.

రెండు లైట్లూ ఒకేసారి కదలకపోతే ముందు ఫ్యూజు, రిలే, స్విచ్ చూడాలి. ఒక్కటే ఆగిపోతే ఆ పక్క మోటారు, కనెక్టర్, ఎర్త్ చూడాలి. నీరసంగా లేస్తుంటే గట్టిపడిన గ్రీజో, బలహీనమైన బ్యాటరీనో కారణం కావచ్చు. ఆగకుండా పైకీ కిందికీ ఊగుతుంటే మోటారు లోపలి లిమిట్ స్విచ్ (లైటు చివరిదాకా చేరగానే మోటారును ఆపేది) కాంటాక్టుల మీద అనుమానపడండి. 1968 నుంచి 1982 దాకా వచ్చిన కార్వెట్ సీ3ది వేరే కథ. దాని లైట్లు మోటారుతో కాదు, వాక్యూమ్‌తో (ఇంజన్ గాలిని పీల్చే బలంతో) లేస్తాయి కాబట్టి పగిలిన గొట్టాల కోసం వెతకాలి. మోటారుతో లేచే లైట్లు ఏ కారువైనా సరే, వాటి దగ్గర చెయ్యి పెట్టేముందు ఫ్యూజు తీసేయండి. హఠాత్తుగా కదిలితే వేళ్ళు నలిగిపోతాయి.

కారు చూడటానికి వెళ్ళినప్పుడు లైట్లు మూసి ఉంచమని ముందే చెప్పండి. ఇంజన్ ఆపి, మీ చేత్తోనే స్విచ్ నొక్కి కనీసం పదిసార్లు పైకీ కిందికీ ఆడించండి. రెండూ ఒకే వేగంతో లేస్తున్నాయా, పూర్తిగా దిగాక చప్పుడు ఆగుతోందా గమనించండి. బానెట్ ఎత్తి కనెక్టర్లు, ఫ్యూజు చూడండి. అమ్మేవాళ్ళు "రిలే ఒక్కటే" అంటే, ఆ రిలే వాళ్ళనే మార్పించి, లైట్లు పనిచేయడం కళ్ళారా చూశాకే డబ్బు ఇవ్వండి.